పద్నాలుగు రెట్ల ఫోన్ బిల్లు: ఒక పదేళ్ల బాబు కేసు

ఫోన్ బిల్లుల వివాదాల్లో కుటుంబాలకు సలహా ఇవ్వడం నా వృత్తి. అంతకుముందు కొన్నేళ్లు ఒక మొబైల్ సంస్థ బిల్లింగ్ విభాగంలో పనిచేశాను కాబట్టి, బిల్లులో ఏ పద్దు ఎక్కడి నుంచి వచ్చి చేరుతుందో నాకు తెలుసు. పిల్లల చేతిలోని ఫోన్ వల్ల వచ్చిపడిన బిల్లులు ఇప్పటికి చాలానే చూశాను. వాటిలో ఈ కేసునే రాయడానికి కారణం ఉంది. ఇందులో డబ్బు మూడు దారుల్లో పోయింది, మూడు దారులకూ తలుపు తీసిపెట్టింది పెద్దలే, అయినా బిల్లు వచ్చిన తర్వాత మొదటి మూడు రోజులూ పిల్లవాడిని నిలదీయడంలోనే గడిచిపోయాయి. ఆ మూడు రోజుల్లో చెరిగిపోయిన ఆధారాలను వెతికి పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది, కొన్ని అప్పటికీ దొరకలేదు. కుటుంబం అనుమతితో, వారిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి రాస్తున్నాను.

ఇంట్లో నలుగురు: తల్లి, తండ్రి, నాయనమ్మ, పదేళ్ల బాబు. నాలుగు నంబర్లూ తండ్రి పేరిట ఒకే పోస్ట్‌పెయిడ్ ప్లానులో ఉన్నాయి. కొన్ని నెలల కిందట తండ్రి కొత్త ఫోన్ కొనుక్కుని పాతది బాబుకు ఇచ్చాడు. పాత ఫోన్‌లోని యాప్ స్టోర్ ఖాతా తనదే అయినా దాన్ని తీసేయలేదు. ఫోన్ తెరవడానికి ప్రతిసారీ తన దగ్గరకు రావాల్సి వస్తోందని బాబు వేలిముద్రను కూడా అందులో నమోదు చేశాడు. మాకిది మామూలుగా కనిపించే ఏర్పాటే, ఇందులో నిర్లక్ష్యం కన్నా మురిపెమే ఎక్కువ. ఆ నెల బిల్లు మాత్రం ఎప్పుడూ వచ్చేదానికి పద్నాలుగు రెట్లు వచ్చింది.

బిల్లు చూసిన రాత్రే తండ్రి ఫోన్ లాక్కుని, అందులోని ఆటలన్నీ తీసేసి, అది చాలదని ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాడు. ఆయన కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ రీసెట్‌తో ఫోన్‌లోని సందేశాలన్నీ పోయాయి. ఏ సేవ ఏ రోజు మొదలైందో చెప్పే నిర్ధారణ సందేశాలు, ఆటలోని బృందంలో జరిగిన సంభాషణలు, కొనుగోళ్ల స్క్రీన్లు, అన్నీ అందులోనే ఉండేవి. పైగా చివరి ఆరు కొనుగోళ్లు బిల్లు రావడానికి ముందురోజు సాయంత్రం జరిగినవి. వాటిని వెంటనే వెనక్కి అడిగే గడువు అప్పటికింకా దాటలేదు. గూగుల్ ప్లేలో కొనుగోలు జరిగిన 48 గంటల్లోపు అయితే రీఫండ్‌ను స్టోర్ ద్వారానే నేరుగా అడగవచ్చు, ఆ తర్వాత చాలా సందర్భాల్లో యాప్ తయారుచేసినవారి దయ మీద ఆధారపడాలి. ఈ కుటుంబం వాడిన స్టోరులోనూ అలాంటి గడువే ఉంది. నాలుగో రోజున వాళ్లు నా దగ్గరకు వచ్చేసరికి అది దాటిపోయింది.

మొదట చూడాల్సింది బిల్లు

నా దగ్గరకు తెచ్చిన బిల్లు రెండు పేజీల సారాంశం. అందులో నెలవారీ అద్దె, పన్నులు, అదనపు డేటా పోను, పెద్ద మొత్తమంతా ‘ఇతర సేవల ఛార్జీలు’ అనే ఒకే పద్దు కింద ఉంది. ఇలాంటి సారాంశాన్ని ముందుపెట్టుకుని పిల్లవాడిని ఏం అడిగినా ప్రయోజనం లేదు, ఎందుకంటే అడిగే పెద్దలకే ఏం జరిగిందో తెలియదు. తేదీ, సమయం, సేవ పేరు, మొత్తం విడివిడిగా ఉండే వివరాల బిల్లును లిఖితపూర్వకంగా కోరమన్నాను. దానితోపాటు అంతకుముందు మూడు నెలల వివరాలు కూడా అడగమన్నాను. అవి అవసరమా అని తల్లి సందేహించారు. పెద్ద బిల్లు ఒక్కసారిగా పుట్టదని, దాని వేరు తరచుగా ఎవరూ పట్టించుకోని చిన్న మొత్తంగా వెనక నెలలోనే దొరుకుతుందని చెప్పాను. ఈ కేసులో సరిగ్గా అదే జరిగింది.

అది వచ్చేలోగా డబ్బు పోయే దారులు మూయించాను. ఆపరేటర్‌కు చెప్పి నాలుగు నంబర్ల మీదా మూడో పక్షాల, అంటే బయటి సంస్థల సేవల ఛార్జీలను నిలిపివేయించాం. స్టోర్ ఖాతా నుంచి మొబైల్ బిల్లు ద్వారా చెల్లింపు అనే పద్ధతిని తొలగించాం. సిమ్‌ను మాత్రం తీసిపడేయవద్దన్నాను, ఎందుకంటే సేవలను రద్దు చేయాలన్నా, వాటి చరిత్ర తెలుసుకోవాలన్నా కోడ్ వచ్చేది ఆ నంబరుకే.

వివరాల బిల్లు వచ్చాక మూడు రంగుల పెన్నులతో కూర్చున్నాం. కంప్యూటర్‌లోనూ చేయవచ్చు గాని, కుటుంబం మొత్తం ఒకే కాగితం మీదకు వంగి చూడటంలో ఒక మేలుంది: అంతవరకు భయంకరంగా కనిపించిన అంకె, లెక్కపెట్టగలిగే ముక్కలుగా మారుతుంది.

మొదటి రంగు ఆటలోపలి కొనుగోళ్లకు. 71 పద్దులు, 19 రోజుల్లో జరిగినవి. మామూలు బిల్లుకు పదిన్నర రెట్లు వీటిదే. కార్డు లేకుండా ఇంత ఎలా జరిగిందని తండ్రి పదే పదే అడిగారు. యాప్ స్టోరులో కొన్నదాని ధరను ఫోన్ బిల్లులో కలిపేసే పద్ధతి చాలా ఆపరేటర్ల దగ్గర ఉంది. దానికి కార్డు అక్కర్లేదు, సిమ్ ఉంటే చాలు. మొదటి పద్దు తేదీ, సమయం చూపించాక ఆయనకు గుర్తొచ్చింది: ఆ సాయంత్రం బాబు బతిమాలితే ఒక చిన్న కొనుగోలుకు తానే ఒప్పుకున్నారు, చెల్లింపు ఎలా అని స్టోర్ అడిగితే ముందు కనిపించిన దాన్ని నొక్కారు. ఆ ఒక్క నొక్కుతో మొబైల్ బిల్లు ఆ ఖాతాకు శాశ్వత చెల్లింపు మార్గంగా స్థిరపడింది. కొనుగోలును వేలిముద్రతో ఆమోదించే సౌకర్యం కూడా అప్పుడే మొదలైంది. అది ఫోన్‌లో నమోదైన ఏ వేలిముద్రనైనా అంగీకరిస్తుంది. తాళం తీయడానికి బాబుకు ఇచ్చిన వేలే అప్పటి నుంచి సంతకమైంది.

రెండో రంగు ప్రీమియం ఎస్సెమ్మెస్ సేవలకు, అంటే సందేశాల ద్వారా నడుస్తూ ఫోన్ బిల్లులోనే డబ్బు వసూలు చేసుకునే సేవలకు. ఒక క్విజ్, మరొక బహుమతుల సేవ, రెండూ వారానికోసారి డబ్బు లాగేవే. ఈ బిల్లులో 9 పద్దులు, అన్నీ కలిపి మామూలు బిల్లంత. వెనక నెల తిరగేస్తే మరో 2 కనిపించాయి. అంటే ఆటలో కొనడం మొదలుకాకముందే ఇవి మొదలయ్యాయి. ఆ రెండూ చాలా చిన్న మొత్తాలు కావడం వల్ల అప్పట్లో ఎవరి కంటికీ ఆనలేదు.

మూడో రంగు అదనపు డేటాకు, అది ఒకటిన్నర రెట్లు. బాబు ఫోన్ తీసుకుని బయటకు వెళ్లనే లేదని, ఇంట్లో వైఫై ఉందని తల్లి గట్టిగా చెప్పారు. ఆమె చెప్పింది నిజమే. కానీ బాబు పడుకునే గది ఇంటి చివర ఉంది, అక్కడ వైఫై అందీ అందకుండా ఉంటుంది. వైఫై బలహీనపడినప్పుడు తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోయే సెట్టింగు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంటుంది. గుర్తు చిన్నగా మారుతుందే తప్ప వీడియో ఆగదు, అందుకే ఎవరికీ తెలియదు. రాత్రి తొమ్మిది దాటాకే డేటా పెరగడం వివరాల్లో స్పష్టంగా కనిపించింది.

ఇన్ని రోజులు ఇంత జరుగుతున్నా పెద్దలకు ఒక్క హెచ్చరికైనా రాలేదా అన్న ప్రశ్న మిగిలింది. హెచ్చరికలు వచ్చాయి. ప్రతి కొనుగోలుకూ సందేశం వచ్చింది, డేటా పరిమితి దాటినప్పుడూ వచ్చింది. అయితే అవన్నీ ఖర్చు జరిగిన నంబరుకే వెళ్లాయి, బిల్లు కట్టే నంబరుకు కాదు. పదేళ్ల పిల్లవాడు చదవలేని భాషలో, చదివినా అర్థంకాని సంక్షిప్తాలతో, అతని చేతిలోనే అవి మోగి ఊరుకున్నాయి. ఉమ్మడి ప్లాన్లు తీసుకునే కుటుంబాలకు నేను చెప్పే మొదటి మాట ఇదే: హెచ్చరికలు బిల్లు కట్టేవారికి కూడా వచ్చేలా పెట్టించుకోండి.

బాబుతో మాట్లాడిన తీరు

వివరాల బిల్లు చేతికి వచ్చేవరకు బాబును ఏమీ అడగవద్దని ముందే చెప్పి ఉంచాను. జరిగినదాన్ని దగ్గరుండి చూసిన సాక్షి అతనొక్కడే. మూడు రోజుల తిట్లకు అతను ‘నాకు తెలియదు’ అనే రెండు మాటల్లోకి ముడుచుకుపోయాడు. తెలిసినదీ తెలియదనే, చేసినదీ చేయలేదనే. అలాంటి స్థితిలో దొరికే సమాధానాలతో ఏ ఫిర్యాదూ నిలబడదు.

మొదటిసారి తల్లి, నాయనమ్మ సమక్షంలో మాట్లాడాను. ‘ఎందుకు చేశావు నాన్నా’ అని అడగలేదు. కాగితం మీద ఒక తేదీ చూపించి, ‘ఆ రోజు ఆటలో ఏం జరిగింది’ అని అడిగాను. పెద్దలు తేదీలు గుర్తుపెట్టుకుంటే పిల్లలు ఆటలోని ఘట్టాలను గుర్తుపెట్టుకుంటారు. ఆ రోజు పెద్ద పెట్టె వచ్చిందని, దాన్ని తెరిస్తే అరుదైన వీరుడు దొరకవచ్చని, దొరకలేదని చెప్పాడు. మరో తేదీకి మరో కథ. అరగంటలో ఇరవైకి పైగా పద్దులకు అతని నోటి నుంచే వివరణ వచ్చింది. ధర గురించి అడిగితే మణుల లెక్క చెప్పాడు. ఆ ఆటలో డబ్బుతో మణులు, మణులతో తాళంచెవులు, తాళంచెవులతో పెట్టెలు వస్తాయి. మూడు మెట్లు దిగేసరికి డబ్బు అన్న భావన పెద్దవాళ్లకే మిగలదు, ఇక పిల్లవాడికి ఎలా మిగులుతుంది?

అయితే అతనికి అస్సలు తెలియదని కూడా నేను రాయను, అది అబద్ధమవుతుంది. మొదటి ఎనిమిది రోజుల్లో 5 పద్దులే ఉన్నాయి. తొమ్మిదో రోజున ఒక సందేశంలో పెద్ద అంకె చూశానని, భయపడి దాన్ని తుడిచేశానని అతనే చెప్పాడు. ఆ రోజుతో కలిపి మిగిలిన పదకొండు రోజుల్లో 66 పద్దులు. తెలిసిన తర్వాతే ఎక్కువ జరిగిందేమిటని తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కారణం రెండో సమావేశంలో బయటపడింది. ఆటలో అతను చేరిన బృందానికి ఒక నాయకుడున్నాడు. మిగతావాళ్లకు కానుకలు పంపకపోతే బృందంలోంచి తీసేస్తానని అతను రోజూ చెప్పేవాడు. 71 పద్దుల్లో 22 అలా పంపిన కానుకలు. ఆ నాయకుడెవరో, పిల్లవాడో పెద్దవాడో, బాబుకు తెలియదు. ముఖం తెలియని ఒకరు పదేళ్ల పిల్లవాడిని పద్దెనిమిది సార్లో ఇరవై సార్లో బెదిరించి డబ్బు పెట్టించారని విన్నాక, అంతవరకు వెనక గదిలో కూర్చున్న తండ్రి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నారు. ఆ సంభాషణలు ఫోన్‌లో ఉండి ఉంటే ఆట సంస్థకు ఇచ్చే ఫిర్యాదు చాలా బలంగా ఉండేది. రీసెట్‌లో పోయిన వాటన్నిటిలో నాకు ఎక్కువ బాధ కలిగించినది అదే.

ఫిర్యాదులు

మూడు రంగులకు మూడు వేర్వేరు ఫిర్యాదులు. అన్నిటినీ కలిపి ‘మా బిల్లు అన్యాయం’ అని ఒకే ఉత్తరం రాస్తే, ఎవరికి వారు మిగతావారి వైపు వేలు చూపిస్తారు.

ఉత్తరాలు రాసేముందు తండ్రికీ నాకూ ఒక విషయంలో గట్టి వాదన జరిగింది. ఈ కొనుగోళ్లు మా ఇంట్లో ఎవరూ చేయలేదని, ఖాతాను ఎవరో దొంగిలించారని రాయమని ఆయనకు తెలిసినవారు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అది తప్పు కావడం ఒక కారణం, పనికిరాకపోవడం మరో కారణం. కొనుగోలు జరిగిన ఫోన్, దానికి వాడిన వేలిముద్ర ఆమోదం, నెట్ చిరునామా అన్నీ స్టోర్ దగ్గర నమోదై ఉంటాయి. గూగుల్ ప్లే లాంటి చోట్ల ఇంటివారో స్నేహితులో పొరపాటున కొన్నవాటికి ఒక దారి, అపరిచితులు చేసిన అనధికార కొనుగోళ్లకు 120 రోజుల గడువుతో మరో దారి ఉన్నాయి. తప్పు దారిలో వెళ్లిన అర్జీ తిరిగి రావడమే కాదు, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మేవారుండరు. అన్నిటికన్నా ముఖ్యంగా, నిజం చెప్పమని అప్పటికి రెండు రోజులుగా బాబును అడుగుతున్నాం. అతని ఎదుటే పెద్దలు అబద్ధపు ఉత్తరం రాయడం నా వల్ల కాలేదు.

నిజం మన వైపు బలహీనంగా కూడా లేదు. ఖాతాదారుడి స్పష్టమైన అనుమతి లేకుండా పిల్లలు చేసిన కొనుగోళ్లకు డబ్బు వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అన్న వాదన 2014లోనే అమెరికాలో నిలబడింది. అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో జరిగిన ఒప్పందాల్లో ఆ ఏడాది యాపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు వినియోగదారులకు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. అమెజాన్ కోర్టుకు వెళ్లింది, 2016లో తీర్పు దానికి వ్యతిరేకంగా వచ్చింది. ఆ వివాదాల్లో ప్రధానమైన అంశం, ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక కొన్ని నిమిషాలపాటు మళ్లీ అడగకుండానే కొనుగోళ్లు సాగిపోవడం. యాపిల్ విషయంలో అది 15 నిమిషాలు, గూగుల్ విషయంలో 30 నిమిషాలు. ఆ ఒప్పందాలూ తీర్పూ వేరే దేశానివి కాబట్టి మనకు నేరుగా హక్కునివ్వవు. కానీ ప్రపంచమంతా ఒకే స్టోర్ నడిపే సంస్థలు పిల్లల కొనుగోళ్ల అర్జీలను వినడానికి ప్రత్యేకమైన దారి పెట్టుకున్నాయంటే, వాటి వెనక ఈ చరిత్ర ఉంది.

స్టోర్‌కు పంపిన మొదటి అర్జీని గంటలోనే తిరస్కరించారు. అది యంత్రం ఇచ్చిన జవాబని, నిరాశపడవద్దని చెప్పాను. రెండోసారి పద్దులవారీ పట్టిక జోడించాం: ఆర్డరు సంఖ్య, సమయం, బాబు వయసు, మొదటి కొనుగోలుకు మాత్రమే తండ్రి అనుమతి ఉందన్న ఒప్పుకోలు, వేలిముద్ర ఎలా నమోదైందన్న వివరణ. ఆర్డరు సంఖ్యలు రీసెట్‌తో పోయాయనుకున్నాం గాని, స్టోర్ ఖాతాకు జోడించిన పాత ఈమెయిల్‌కు 71 రసీదులూ వచ్చి పడి ఉన్నాయి. తండ్రి ఆ ఈమెయిల్ తెరిచి రెండేళ్లయింది. పాస్‌వర్డ్ తిరిగి సంపాదించడానికే నాలుగు రోజులు పట్టింది. ఆ పట్టిక వెళ్లిన తర్వాత ఒక మనిషి మాతో మాట్లాడారు. 49 పద్దులు, అంటే మామూలు బిల్లుకు ఏడు రెట్లు, రద్దయ్యాయి. తండ్రి అనుమతించిన మొదటి పద్దు కూడా అందులో కలిసిపోయిందని చూసి, దాన్ని తిరిగి కలపమని మేమే రాశాం. ఆ చిన్న మొత్తాన్ని వాళ్లు వదిలేశారు. కానుకలుగా పంపిన 22 మాత్రం వేరే ఖాతాల్లో వాడేసినందువల్ల వెనక్కి రాలేదు. ఆట సంస్థ బృంద నాయకుడి ఖాతా మీద విచారణ చేస్తామని రాసింది, అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ప్రీమియం సేవల సంగతి తేలిగ్గా తేలింది. ఉచితంగా మణులు వస్తాయన్న ఒక ప్రకటనలో బాబు నంబరు ఇచ్చి, వచ్చిన కోడ్‌ను అక్కడే నింపాడు. ఆ సేవలకు చందాదారుడు ఇచ్చిన సమ్మతి రికార్డు, అందులో ధర ఏ అక్షరాల్లో చూపించారో, ఆ రెండూ ఇవ్వమని ఆపరేటర్‌ను కోరాం. ఇవ్వలేకపోయారు. వెనక నెలవి కూడా కలిపి 11 పద్దులూ రద్దు చేశారు. అదనపు డేటా మీద నేను ఫిర్యాదు చేయించలేదు, అది నిజంగా వాడిన డేటాయే.

ఈ లోగా బిల్లు గడువు తేదీ వచ్చింది. బిల్లు మొత్తం ఆపేయాలని తండ్రి, మొత్తం కట్టేసి పీడ వదిలించుకోవాలని నాయనమ్మ. రెండూ వద్దన్నాను. వివాదం లేని అద్దె, డేటా కలిపి రెండున్నర రెట్లు గడువులోపే కట్టించి, మిగతా మొత్తం వివాదంలో ఉందని పద్దుల సంఖ్యలతో సహా ఆపరేటర్‌కు రాసి, ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాం. అందువల్ల నాలుగు నంబర్లలో ఒక్కటీ ఆగలేదు, ఆలస్య రుసుము పడలేదు. చివరికి మిగిలిన కానుకల మొత్తం, అంటే మూడున్నర రెట్లు, మూడు వాయిదాల్లో కట్టడానికి ఆపరేటర్ ఒప్పుకున్నారు.

తర్వాత

ఆ వాయిదాల్లో బాబు వాటా ఎంత ఉండాలన్నది ఇంట్లో పెద్ద చర్చే అయింది. అంతా అతని దాచుకున్న డబ్బులోంచి తీయాలన్న ఆలోచనను నేను సమర్థించలేదు. తాళాలు వేయని పెద్దల తప్పుకు కూడా అతనే మూల్యం చెల్లించినట్టవుతుంది. అసలేమీ వద్దన్నా సరికాదు, తొమ్మిదో రోజు తర్వాత అతనికి తెలుసు. చివరికి మూడో వాయిదాలో కొంత తానే ఇస్తానని బాబే చెప్పాడు. ఎంత అన్నది తల్లీ కొడుకూ కూర్చుని తేల్చుకున్నారు, నేను అడగలేదు.

పాత ఫోన్‌లో ఇప్పుడు పిల్లల కోసం వేరే ఖాతా ఉంది. ప్రతి కొనుగోలుకూ తల్లి ఫోన్‌కు అనుమతి అభ్యర్థన వస్తుంది. యాపిల్ ఫోన్లలో ఈ సౌకర్యం 2014లోనే వచ్చింది, ఆండ్రాయిడ్‌లోనూ కుటుంబ ఖాతాలతో ఇలాంటిదే ఉంది. బాబు నంబరు మీద మొబైల్ డేటాకు పరిమితి పెట్టించాం, వైఫై బలహీనపడితే మారిపోయే సెట్టింగు తీసేశాం.

నా వైపు నుంచి జరిగిన ఒక లోపం కూడా రాయాలి. ఆ స్టోర్ ఖాతా ఇంకా ఏ పరికరాల్లో తెరిచి ఉందని నేను మొదటి రోజే అడగాల్సింది, అడగలేదు. నాయనమ్మ పాటలు వినే టాబ్లెట్‌లో అదే ఖాతా ఉంది. బాబు అందులో ఒక ఆటకు నెలవారీ చందా మొదలుపెట్టి ఉన్నాడు. ఉచిత గడువు ముగిశాక, మరుసటి నెలలో ఆ చందా, మొబైల్ బిల్లు పద్ధతి తీసేశాక ఖాతాకు జోడించిన తండ్రి కార్డు మీద పడింది. యాప్ తీసేసినా చందా ఆగదు, దాన్ని ఖాతాలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. ఆయన నాకు ఫోన్ చేసినప్పుడు గొంతులో మళ్లీ ఆ మొదటి రాత్రి కోపం వినిపించింది. నేను ఏమీ అనకముందే, ‘ఈసారి ముందు రసీదు తీసి ఉంచాను సార్, బాబును ఇంకా ఏమీ అడగలేదు’ అన్నారు. 48 గంటలు దాటకముందే అర్జీ పెట్టాం, రెండు రోజుల్లో డబ్బు వెనక్కి వచ్చింది.